ప్రాక్సీ సర్వర్ మింగిన నా పెళ్ళికబురు

పెళ్ళి చెడాలంటే శత్రువులో, మేనత్తలో, జాతకాలో కావాలంటారు. నాకవేవీ అవసరం పడలేదు. పలమనేరులో ఒక కేబుల్ ఆఫీసు, అందులో ఒక పాత కంప్యూటరు, దాని ముందు నేను. అంతే, కొంప మునిగింది. ఎలాగో చెబుతాను, మీరు నవ్వుకోండి. అప్పట్లో నాకు మాత్రం ఏడుపొచ్చింది.

మా యజమాని రెడ్డెప్పన్న ఊళ్ళో ఇళ్ళకు ఇంటర్నెట్ ఇచ్చేవాడు. ఉన్నది ఒకే సన్నటి లైను. సాయంత్రం అందరూ ఒక్కసారిగా మీద పడేసరికి ఎవరికీ ఏదీ తెరుచుకునేది కాదు. పోనీ మనిషికి ఇంతే అని కోత పెడితే, ఆఫీసు ముందుకొచ్చి తిట్టిపోయేవాళ్ళు.

"లైను పెంచేది నా వల్ల గాదప్పా. నువ్వేదో సదివినావు గదా, ఏదన్నా చెయ్" అన్నాడు రెడ్డెప్పన్న.

కూర్చున్న చోట కాలు నిలవని వయసు నాది. ఆ మాట చాలదూ?

"ప్రాక్సీ సర్వర్ పెడతానన్నా. ఒకరు చూసిన పేజీని అది దాచి పెట్టుకుంటాది. ఇంకొకరు అడిగితే బయటికి పోకుండా ఆ దాచిందే ఇస్తాది."

"అంటే ఒకసారి వండి అందరికీ వడ్డించేదా?"

"అంతే అన్నా."

అంతే కాదు. మనిషికో రకంగా ఉండే పేజీలు, గంట గంటకూ మారే పేజీలు కొన్ని ఉంటాయి. అవి 'నన్ను దాచొద్దు' అని ముందే చెబుతాయి. ఒకరి మాట వినే బుద్ధే ఉంటే నా కథ ఇలా ఎందుకుంటుంది? వాటిని కూడా దాచెయ్యమని రెండు లైన్లు రాసి పడేశాను. అప్పట్లో వెబ్‌సైట్లకు ఇప్పటిలా గట్టి తాళాలు లేవు. సర్వర్ కిక్కురుమనకుండా ఒప్పుకుంది.

ఇక్కడే నా సొంత గొడవ కూడా చెప్పాలి. పెళ్ళి సంబంధాల వెబ్‌సైట్లో శ్రీకాళహస్తి అమ్మాయి ఒకతె కనబడింది. పేరు రేవతి. కలంకారీ బొమ్మలు వేస్తుందట. ఆ ఫోటో చూసినప్పటి నుంచి నాకు అన్నం సయిస్తే ఒట్టు. 'మీరు నచ్చారు, ఇంట్లో అడిగి చెప్పండి' అని రాశాను. సర్వర్ పెట్టిన పొద్దున జవాబొచ్చిందేమోనని చూశాను.

'మీకు కొత్త సందేశాలు లేవు.'

టీ తాగొచ్చి చూశాను. లేవు. కేబుల్ స్తంభం ఎక్కి, దిగి, చేతులైనా కడుక్కోకుండా చూశాను. లేవు. మరునాడూ లేవు. కుర్చీలో కూర్చుంటే ముళ్ళు, లేస్తే దిగులు. రెడ్డెప్పన్న మాత్రం నా వీపు తట్టి, "లైను గుర్రం మాదిరి పోతాండాదబ్బా!" అని మురిసిపోయాడు.

మూడో రోజు ఉక్రోషం పట్టలేక రాసేశాను: 'నచ్చకపోతే ఆ మాటే చెప్పొచ్చు. జవాబివ్వని మనుషులతో నాకు పనిలేదు.'

నాలుగో రోజు, శనివారం, పాలడెయిరీ మునిరత్నమన్న ఫోన్ చేశాడు.

"ఏమప్పా, మా పాపకు సంబంధం సూద్దామని ఆ పెళ్ళి సైటు తెరిస్తే నీ ఫోటో వచ్చిండాది!"

నేను కాలరు సర్దుకున్నాను. "మంచి సంబంధమని అదే చూపించింటాదిలే అన్నా."

"అది గాదబ్బా. పైన నా పేరు ఉండాల్సిన చోట నీ పేరుండాది. నీకు కొత్త సందేశాలు లేవంట. మా పక్కింటోళ్ళకీ అదే వస్తాండాది. నాలుగు దినాలుగా చూస్తాండాము, పాపం, ఒక్కరన్నా రాయలేదా నీకు?"

ఫోన్ పెట్టేసి సర్వర్ ముందుకు పరిగెత్తాను. ఊళ్ళో ఎవరు ఆ సైటు తెరిచినా సర్వర్ తీసి ఇస్తున్నది, ఆ మొదటి పొద్దున దాచుకున్న నా పేజీనే. నాకు ఇస్తున్నదీ అదే! ఆ రెండు లైన్లూ పీకేసి, దాచిందంతా తుడిచేసి మళ్ళీ తెరిచాను. మూడు సందేశాలు.

'ఇంట్లో ఒప్పుకున్నారు. ఆదివారం రండి.'

'వస్తున్నారా? నాయన అడుగుతున్నాడు.'

'ఇచ్చిన జవాబు చదవని మనుషులతో నాకూ పనిలేదు.'

ఆదివారం మొదటి బస్సుకే బయలుదేరాను. దారి పొడవునా సీటు అంచు మీదే కూర్చున్నాను. రేవతి వాళ్ళ నాయన పేపరు చేతబట్టుకుని గడపలోనే నిలేశాడు. చెమటలు కక్కుతూ సర్వర్ సంగతంతా చెప్పాను.

"నిలుపప్పా" అన్నాడాయన. "మా పాప ఏం చెప్పినా నీ మిషను వినలేదు. ఎప్పుడో దాచుకున్న మాటే తిప్పి తిప్పి చెప్పింది. అంతేనా?"

"అంతే సార్."

"మనిషి చెప్పేది వినకుండా పాత జవాబే ఇచ్చే మిషను యాడన్నా ఉంటాదా? నమ్మేదానికన్నా ఉండొద్దా?"

లోపలి నుంచి రేవతి గొంతు వినబడింది. "మనింట్లోనే ఉండాది గదా నాయనా. అమ్మ ఏమడిగినా నువ్వు పేపరు దించకుండా 'సూస్తాంలే' అంటావే."

వంటింట్లో వాళ్ళమ్మ పగలబడి నవ్వింది. ఆయన పేపరు మడిచి చంకలో పెట్టుకుని, దారి వదిలి, "కాఫీ తెండి" అన్నాడు.

నాకు పెళ్ళయింది. ఆ రోజే ప్రమాణం చేశాను: దాచొద్దన్న పేజీని ఈ జన్మలో దాచను. రేవతి మాటకు పాత జవాబు వడ్డించను, ప్రతిసారీ కొత్తగా వింటాను. ఈ ప్రమాణాన్ని ఇంత గంభీరంగా రాస్తుంటే ఆమె వచ్చి పక్కన నిలబడి ఏదో అడిగింది. "సూస్తాంలే" అన్నాను. ఏమడిగిందో ఇప్పుడు వెళ్ళి కనుక్కోవాలి.