మాట వినిపించే పెట్టె

మా అత్తయ్యకి చూపు మందగించి పుస్తకం చదవలేని రోజులు వచ్చినప్పుడు, మా ఆయన పొన్నూరులో ఒక రేడియో మెకానిక్కు చేత పాటల సెట్టు కట్టించారు. టేకు పెట్టె, లోపల ఆ మెకానిక్కు తన చేత్తో అతికిన ఆంప్లిఫయరు. ఇచ్చేసి పోకుండా అత్తయ్య కూర్చునే మూలకి వచ్చి పక్కనే పీట వేసుకున్నాడాయన.

"ఏం వింటారు పెద్దమ్మగారూ?"

"పొద్దున్నే సహస్రనామాలు. రికార్డులో వాళ్ళు చెబుతుంటే వెనకాలే నేనూ చెప్పుకుంటా."

"అయితే దరువు తగ్గించాలి. మాట పైకి తేలాలి" అని ఏవో మార్చి, ఆవిడ సరేననేదాకా మూత బిగించలేదు.

చాలా ఏళ్ళు ఆవిడ ఒక్క నామంలో కూడా తడబడలేదు. బడికి పోని నాకు మా నాన్నగారు ఇంట్లో దిద్దించిన అక్షరాలే చదువు. సంస్కృతం పలకడం మాత్రం పొయ్యి దగ్గర నిలబడి ఆ పెట్టె విని నేర్చుకున్నాను. అది కట్టినాయనకి రోజూ మనసులో దణ్ణం పెట్టుకునేదాన్ని.

నిరుడు వేసవిలో కరెంటు హెచ్చి అది కాలిపోయింది. అప్పటికే ఆ మెకానిక్కు కాలం చేశారు. విప్పి చూసినవాళ్ళందరిదీ ఒకటే మాట: "ఈ పార్టులు ఇప్పుడు రావండీ."

మా ఆయన గుంటూరు నుంచి కొత్త స్పీకరు తెచ్చారు. చెంబంత ఉంది. ఇంట్లోకి వచ్చిన కొత్త వస్తువు కదా, తడి పసుపు రాసి బొట్టు పెట్టాను. చుట్టూ జాలీయే, చెక్క అన్నది లేదు. ఆ జాలీకే పెట్టాను. మీట నొక్కగానే ఇంగ్లీషులో ఏదో అంది.

"ఎవరే అది?" అంది అత్తయ్య.

"స్పీకరేనమ్మా. ఆన్ అయ్యానంటోంది" అన్నారు మా ఆయన.

"అయితే నామాలు చెప్పమను."

చెప్పింది. కానీ లోపల ఎవరో డప్పు కొడుతున్నట్టు దుమదుమలాడింది. నామం అందులో మునిగిపోయేది. అత్తయ్య అందుకోబోయి ఆగేది, మళ్ళీ అందుకోబోయేది. కొద్ది రోజులకే గరగరమని అదీ ఆగిపోయింది. గుంటూరు తీసుకెళ్ళాను.

"లోపలికి తడి పోయింది మేడమ్. వారంటీ రాదు" అన్నాడు సర్వీసు సెంటరు అతను.

"పసుపే నాయనా. విప్పి తుడవండి."

"విప్పేది కాదండీ, అతికించేసి వస్తుంది. కొత్తది తీసుకోండి."

"అందులోనైనా డప్పు తగ్గుతుందా?"

"అందరూ ఆ డప్పు కోసమే కొంటారు మేడమ్" అని నవ్వాడు.

అతని మీద కోపం లేదు. ఇలాంటివి చవగ్గా రాబట్టే మా చేలో మిరపకాయలు కోసేవాళ్ళు కూడా పాటలు వింటున్నారు, సంతోషమే. కానీ వేలకొద్దీ ఒకే అచ్చున పోసిన వస్తువు, ఏ మూలన ఎవరు కూర్చుని ఏం వింటారని ఎవరినీ అడగదు. ఆ సంగతే నాకు మింగుడు పడటం లేదు.

ఇప్పుడు నామాలు నేనే చెబుతున్నాను. మనసేమో కళ్ళంలో ఎండే కాయల మీద ఉంటుంది, గొంతు పరిగెత్తుతుంది. "ఆగమ్మా, నేనింకా అక్కడికి రాలేదు" అనేది అత్తయ్య మొదట్లో. ఈ మధ్య అనడం మానేసింది. ఈ రోజు చూస్తే ఊరికే కూర్చుని ఉంది, పెదవులు కూడా కదలడం లేదు.

"చెప్పడం లేదేం అత్తయ్యా?"

"నీకు పనులున్నాయిగా. కానివ్వు."

దేవుడి ముందు కూర్చుని కూడా పళ్ళు కొరుక్కున్నాను, ఎవరి మీదో తెలియకుండానే. తర్వాత మళ్ళీ మొదటి నామం దగ్గరికి వెళ్ళాను. కాయలు తిరగెయ్యాలని బయట పనిమనిషి పిలుస్తూనే ఉంది.