బుడగల బాబాయి సబ్బునీళ్ళు

మా ప్రయోగశాలలో ఎబోలా వైరస్ కంటే నన్ను ఎక్కువ ఏడిపించినవాడు బాబాయి. వైరస్‌ని ఫ్రీజర్‌లో పెడితే కిక్కురుమనకుండా పడి ఉంటుంది. బాబాయి అలా కాదు.

అందరూ ఆయన్ని బుడగల బాబాయి అంటారు. లోపలికి వెళ్ళేముందు మేం తొడుక్కునే ప్లాస్టిక్ సూట్లలో గాలి నింపి, బ్రష్షుతో పైనంతా సబ్బునీళ్ళు పూసి, ఎక్కడైనా బుడగ లేస్తుందేమో చూడటం ఆయన ఉద్యోగం. బుడగ లేచిందంటే చిల్లు ఉన్నట్టే. ఈ వైరస్ దూరం నుంచి ఎగిరొచ్చి మీద వాలే రకం కాదు. రోగి రక్తమో, వాంతో మన ఒంటిమీది చిన్న గాటుకో, కంటికో, నోటికో తగలాలి. అందుకే మాకు చిల్లంటే భయం. బాబాయికి మాత్రం చిల్లు కనిపిస్తే ముఖం వెలిగిపోతుంది.

అంతకు ముందు ఇరవై రెండేళ్ళు ఆయన మా గేటు ఎదురుగా కూర్చుని సైకిళ్ళకు పంక్చర్లు వేశాడు. మా సేఫ్టీ ఆఫీసరుగారి సైకిలు ట్యూబులో ఎవరికీ దొరకని చిల్లు ఒకటి ఉండేదట. బాబాయి ట్యూబుని చెంపకి ఆనించుకుని, కళ్ళు మూసుకుని, "ఇదిగో, ఇక్కడుంది దొంగ" అన్నాడట. ఆఫీసరుగారు ట్యూబుతోపాటు ఆయన్నీ లోపలికి పట్టుకొచ్చారు.

ఆ చిల్లుల జబ్బు ఇంటికీ అంటింది. పిన్ని, అంటే ఆయన భార్య, ఓసారి నా దగ్గర వాపోయింది. "పాల ప్యాకెట్లు పిసికి పిసికి చూస్తారమ్మా. ఈయన వస్తుంటే కొట్టువాడు ట్రే లోపల పెట్టేసుకుంటున్నాడు. మొన్న మనవరాలి పుట్టినరోజుకి బెలూన్లు తెచ్చి, ఒక్కొక్కటీ బకెట్లో ముంచి చూశారు. పిల్ల ఒకటే ఏడుపు."

నాకు మాత్రం ఏడవడానికి తీరిక ఎక్కడిది? నా సూటుని మూడుసార్లు చూడాలని రూలు. బాబాయి మూడోసారి అయ్యాక తల ఎత్తకుండా "ఇంకోసారి" అనేవాడు. నాకు ఒళ్ళు మండేది.

"బాబాయ్, అవతల నా ఎలుకలు ముసలివైపోతున్నాయి!"

"నువ్వూ ముసలిదానివి కావాలిగా తల్లీ, కాస్త ఆగు."

ఆ ఎలుకలకు ఎబోలా ఎక్కించి, తర్వాత మేం తయారుచేసిన మందు ఇచ్చి చూస్తున్నాం. మొదటి రోజే మందు పడితే పదింటికి ఎనిమిది బతికాయి. మూడు రోజులు ఆలస్యమైతే ఒక్కటీ మిగల్లేదు. ఆ లెక్కలు రాసుకున్నప్పుడు ఎంత పొంగిపోయానో!

ఒకరోజు మందు ఎక్కిస్తుంటే ఎలుక గింజుకుంది. దాని రక్తం అంటిన సూది జారి నా ఎడమచేతి చూపుడువేలికి తగిలింది. గుచ్చుకుందో, రాసుకుపోయిందో నాకే తెలియలేదు. సూటుతోనే, వైరస్‌ని చంపే మందునీళ్ళ షవరు కింద నిలబడి, అన్నీ విప్పి చూసుకుంటే వేలిమీద గాటు కనబడలేదు. పై గ్లవ్‌కి మాత్రం చిల్లు ఉంది. ఇక నా గతి అంతా లోపలి గ్లవ్ చేతిలో ఉంది. దానికి చిల్లు లేకపోతే ఇంటికి పోవచ్చు. ఉంటే వెంటనే ఎలుకలకిస్తున్న మందు నా ఒంట్లోకి, నేను ఇరవై ఒక్క రోజులపాటు అందరికీ దూరంగా అద్దాలగదిలోకి. ఇంతవరకూ ఏ మనిషికీ ఇవ్వని మందు అది.

మందునీళ్ళలో నానబెట్టిన గ్లవ్‌ని ట్రేలో పెట్టారు. బాబాయి దాన్ని నీళ్ళతో నింపి ఎత్తి పట్టుకున్నాడు. చుక్క రాలేదు. రెండోసారీ రాలేదు, మూడోసారీ రాలేదు. ఆఫీసరుగారు "చిల్లు లేదు" అని రాయడానికి పెన్ను తీశారు. గేటు దగ్గర మా ఆయన కారు స్టార్ట్ చేసుకుని ఉన్నాడని కబురొచ్చింది.

"ఇంకోసారి" అన్నాడు బాబాయి.

"చాలు బాబాయ్!" అని అరిచాను. "చిల్లు దొరక్కపోతే నీకు ముద్ద దిగదా? నన్ను ఇంటికి పోనివ్వు!"

ఆయన నా వైపు చూడలేదు. "ముల్లుపోటు ఊరికే కనబడదమ్మా, సాగదీస్తేనే" అని గొణుక్కుంటూ, చూపుడువేలి కొసను రెండువేళ్ళతో పట్టి లాగాడు. ఆవగింజంత నీటిచుక్క పైకి వచ్చి నిలబడింది. ఎప్పుడూ "దొరికింది" అని గదంతా వినబడేలా అరిచే మనిషి, ఆ రోజు అక్కడే స్టూలు మీద కూలబడ్డాడు.

గంటలోపే మందు ఎక్కించారు. తొమ్మిదో రోజున నాకు జ్వరం వచ్చింది. రక్తంలో వైరస్ కనబడింది. చచ్చిపోతానని భయపడ్డాను, పదింటిలో చచ్చిన ఆ రెండు ఎలుకల్నీ తలుచుకుని తలుచుకుని ఏడ్చాను. తర్వాత వైరస్ తగ్గుతూ వచ్చి, పోయింది. అనుకున్న ఇరవై ఒక్క రోజులు కాస్తా ముప్పై నాలుగయ్యాయి. అందరూ అద్దం అవతల నిలబడి చెయ్యి ఊపి వెళ్ళారు, బాబాయి తప్ప. నాకు కోపం వచ్చింది.

చివరికి పిన్ని వచ్చి, అద్దం పక్కనున్న ఫోనులో చెప్పింది. "ఆయన స్టోరుకి మార్పించుకున్నారమ్మా. సబ్బునీళ్ళు ముట్టడంలేదు. పాల ప్యాకెట్టు కూడా చూడకుండా తెచ్చేస్తున్నారు. నిన్న సంచీ నిండా పాలే."

డ్యూటీలో చేరిన రోజు నా సూటూ, సబ్బునీళ్ళ బకెట్టూ పట్టుకుని స్టోరుకి వెళ్ళాను. బాబాయి అట్టపెట్టెల మధ్య కూర్చుని ఉన్నాడు.

"నా చేతులతోనే నిన్ను ఆ గదిలోకి తోశానమ్మా" అన్నాడు, నేలచూపులు చూస్తూ.

"తోసింది ఎలుక బాబాయ్. ఆ రోజు నీ మాట కాదని ఇంటికి పోయుంటే, మందు పడేసరికి తొమ్మిది రోజులు దాటేవి. మూడు రోజులకే ఎలుకలేమయ్యాయో నీకు తెలుసుగా."

ఆయన బకెట్టు దగ్గరికి లాక్కుని, అందులోని బ్రష్షు అందుకున్నాడు. గబగబా మూడుసార్లు పూసి, సరిగ్గా చూశాడో లేదో, "బానే ఉంది, వెళ్ళు" అని సూటు నాకు ఇవ్వబోయాడు. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"ఇంకోసారి."

"అవతల ఎలుకలు ముసలివైపోతాయమ్మా."

"కానివ్వు బాబాయ్. నేనూ కావాలిగా."

బాబాయి కళ్ళు తుడుచుకుని, సూటుని చెంపకి ఆనించుకున్నాడు.