తెరచాప తాడుతో తంబుర

మా చిన్నప్పుడు... అరవైలు మొదలైన కొత్తల్లో, వాకాడు అవతల సముద్రం ఒడ్డున మా పాళెంలో, నేనూ చెల్లెలు రత్తమ్మా కలిసి ఓ తంబుర తయారుచేశాం.

తంబుర అంటే పెద్దగా ఊహించుకోకండి! సగం కొబ్బరి చిప్ప... మూతికి చింతగింజల జిగురుతో అంటించిన దళసరి కాగితం... ఓ వెదురు పుల్ల... ఒకే ఒక్క తీగ. ఆ తీగ దగ్గరే వచ్చింది చిక్కంతా. జనపనార కడితే తెగింది. పాత వల దారం కడితే పలకనే లేదు.

ఇంటి ముందు ఇసుకలో నాయన తెరచాప ఆరేసి ఉంది. దాన్ని కొయ్యకు బిగించే కట్టుతాళ్ళు సన్నగా, గట్టిగా ఉంటాయి. చివరి తాడు నేనే కోశాను, చేపల కత్తితో. తంబురకి బిగిస్తే 'టుంయ్' అంది! ఇద్దరం ఎగిరి గంతేశాం.

మర్నాడు ఇంకా చీకటిగానే నాయన తెరచాప చుట్టుకుని తెప్ప మీద వెళ్ళిపోయాడు. ఒక్కడే వెళ్ళే చిన్న తెప్ప.

పొద్దెక్కాక గాలి తిరిగింది... అమ్మ పోయాక మమ్మల్ని పెంచుతున్న నాయన తల్లి, మా అవ్వ, అరుగు మీద నుంచి లేచి సముద్రం వైపు చూసింది.

"ఈ గాలికి చాప కట్టు ఒక్కటి ఊడినా తెప్ప తిరగబడతాది."

వెంటనే తంబుర తీసుకెళ్ళి పిడకల వెనక దాచాను. మధ్యాహ్నానికి తెప్పలన్నీ ఒడ్డు చేరాయి... నాయనది తప్ప. చెబితే చంపుతారు. చెప్పినా ఆ తాడు సముద్రంలోకి వెళ్ళి అతుక్కుంటుందా? రత్తమ్మ నా పావడా పట్టుకుని, "అక్కా, నాయన వస్తాడా?" అని అడిగింది.

చివరికి అవ్వ కాళ్ళు పట్టుకుని చెప్పేశాను. అవ్వ కొట్టలేదు... కొట్టి ఉంటే బాగుండేది. చేతులు జోడించి, నీళ్ళ అంచున అలాగే నిలబడిపోయింది.

పొద్దు వాలుతుండగా నాయన చాప కనబడింది. తెప్ప దిగిన నాయన నడుముకి తువ్వాలు ఒక్కటే ఉంది. అవ్వ ఆ నడుము తడిమి కెవ్వుమంది.

"మొలతాడు యాడరా? బతికుండే మొగోడు మొలతాడు తెంపుకుంటాడా?"

మా వైపు అది తెంపేది ప్రాణం పోయాకే మరి.

"ఏం జేసేది మా... చాప ఊడిపోతా ఉంటే ఒక చేత్తో పట్టుకోనుండా. రెండో చేతికి అందింది అదే."

చూస్తే, నేను కోసిన చోట నల్లటి మొలతాడు ముడి!

తాడు సంగతి అవ్వ చెబితే, నాయన నన్ను తంబుర తెమ్మన్నాడు. దాని తీగ విప్పి చాపకి కట్టాడు. చాపకున్న మొలతాడు విప్పి తంబురకి బిగించాడు.

"దీన్ని వాయించుకోమ్మా. చాప జోలికి మాత్రం పోవాక."

అవ్వ ఆ సాయంత్రమే నాయనకి కొత్త మొలతాడు కట్టింది. నేను మాత్రం ఆ తంబురని ఎప్పుడూ వాయించలేదు.

ఇప్పుడు మా పాళెంలో అన్నీ మోటారు బోట్లు, నైలాను తాళ్ళు. నా మనవరాలికి కొట్లో కొన్న గిటారుంది. అది తీగ బిగించి 'టుంయ్' అనిపించగానే, నా కళ్ళు ఇప్పటికీ గుమ్మం వైపే వెళ్తాయి... నాయన వచ్చాడా అని.

మీరూ చెప్పండి... ఆడుకుంటూ ఆడుకుంటూ ఎవరి ప్రాణం మీదికి తెచ్చారో!