దక్షిణం గోడ మీది ఓడ గడియారం

కిందటి నెల ఒక శుక్రవారం పొద్దున మా వదిన, అంటే నా భార్య వాళ్ళ అక్క, జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వీడియో కాల్‌లో అల్ హిలాల్‌లోని మా ఫ్లాటును గది గదీ చూసుకుంటూ వచ్చి హాల్లో ఆగిపోయింది. గోడ మీద ఓడ చుక్కాని చక్రం ఆకారంలో పెద్ద గడియారం, దానికి ఒక పక్క లంగరు గడియారం, మరో పక్క ఓడ కిటికీలా ఇత్తడి వలయం చుట్టిన చిన్న గడియారం.

"ఏం మర్దీ, అది దక్షిణం గోడ గాదూ? యముని దిక్కు! బిడ్డ నెలలు నిండి ఇంటికొచ్చినంక గడియారం ఆడ పెడ్తరా ఎవలన్నా? దుబాయ్‌ల ఉంటే దిక్కులు మారుతయా?"

దుబాయ్ కాదు, దోహా అని ముప్పై ఏళ్ళుగా చెబుతున్నాను. నేనున్న ఊరు ఆమెకు ఇప్పటికీ దొరకలేదు గాని, యముడున్న దిక్కు మాత్రం అక్కణ్ణుంచే కనిపెట్టేసింది. తియ్యనని చెప్పాను. ఫోను పెట్టేశాక నా భార్య నెమ్మదిగా అంది: "రేపు బిడ్డకేమన్న అయితే గడియారాన్ని ఎవ్వరూ అనరు. నిన్నంటరు." అననీ అన్నాను. అన్నాను గాని, మా కూతురికి అది మొదటి కాన్పు. ఆ మాట నన్ను వదల్లేదు.

ఆ చక్రం గడియారం నా చేతికి వచ్చింది ఇక్కడి లేబర్ క్యాంపు రోజుల్లో. అప్పుడు నేను వడ్రంగిని. సముద్రం ఒడ్డున ఒక చేపల హోటలుకు మా కంపెనీ లోపలి చెక్కపని చేస్తుంటే, ఒక పిడి విరిగిందని ఆ గడియారాన్ని చెత్తలో వెయ్యమన్నారు. నేను దాన్ని గదికి తెచ్చి, టేకు ముక్కతో కొత్త పిడి చెక్కి అతికించాను. రంగు కలవలేదు, ఇప్పటికీ కలవదు. గదిలో మేం ఎనిమిదిమందిమి. పడుకున్న చోటి నుంచి అందరికీ కనబడేది దక్షిణం గోడ ఒక్కటే కనుక అక్కడే మేకు కొట్టాను.

పదో రోజున మా గదిలో అందరికన్నా పెద్దవాడు, మేమంతా పెద్దన్న అని పిలిచే నిర్మల్ వైపు మనిషికి, తండ్రి పోయాడని ఇంటి నుంచి ఉత్తరం వచ్చింది. ఏడ్చి ఏడ్చి, చివరికి తలెత్తి నా గడియారాన్నే చూశాడు. మర్నాడు మేం లేని సమయంలో దాన్ని తీసి తూర్పు గోడకు తగిలించాడు. తూర్పు గోడకు ఆనుకుని బంకు మంచాలున్నాయి. గడియారం పై మంచం వెనక దాక్కుంది, మరుసటి పొద్దున ఎవరికీ టైము తెలియలేదు, డ్యూటీ బస్సు వెళ్ళిపోయింది. ఫోర్‌మన్ తలుపు బాదుతూ "టైం మాఫీ? యల్లా, యల్లా!" అని, అంటే టైము లేదా, కదలండి కదలండి అని, అరిచిన అరుపు మన తరంలో క్యాంపుల్లో బతికినవాళ్ళకు వేరే వర్ణించక్కర్లేదు. శిక్షగా ఆ వారం మా ఎనిమిదిమందికీ శుక్రవారం సెలవు పోయింది.

బస్సు తప్పిన సాయంత్రం నేను ఊరుకోలేదు. మా ఊరి గ్రంథాలయం అరుగు మీద మూఢనమ్మకాల పైన జరిగే వాదాలు వింటూ పెరిగినవాణ్ణి, ఊరుకోవడం నాకు రాదు. ఉత్తరం అడిగి తీసుకుని తేదీ చూపించాను. ఉత్తరం మాకు చేరడానికి పదిహేను రోజులు పట్టింది. అది వచ్చేనాటికి గడియారం ఎక్కి పది రోజులే. అంటే ఆ గోడకు మేకు దిగేటప్పటికే ఆ పెద్దాయన లేడు. పెద్దన్న తేదీని రెండుసార్లు చదివి, లేచి, తన చేత్తోనే గడియారాన్ని దక్షిణం గోడకు ఎక్కించాడు. "మా నాయినను ఇది సంపలే తమ్మీ. ఇది లేకపోవుడే మనల సంపింది" అన్నాడు. గదంతా నవ్వింది, అతనూ నవ్వాడు. ఒక్కటి ఒప్పుకోవాలి: తండ్రి పోయిన మనిషి ముందు నేను గెలిచినవాడిలా మాట్లాడాను. చెప్పిన మాటలో తప్పు లేదు, చెప్పిన గొంతులో ఉంది.

అందుకే కాబోలు, ఈసారి నా భార్యతో వాదించలేదు. కూతురికి నొప్పులు మొదలైన పొద్దున, అల్లుడు కారు తియ్యడానికి వెళ్ళగానే, ఆమె కుర్చీ లాక్కొచ్చి ఆ గోడ కింద వేసింది. దాని మీద చెయ్యి పెట్టి నిలబడింది. నేను అడ్డం వెళ్ళలేదు, తీసి ఇస్తాననీ అనలేదు. ఎక్కకుండానే సంచీ తీసుకుని వాళ్ళతో ఆస్పత్రికి వెళ్ళింది. అయిదు గంటలసేపు నేను, ఆ ఖాళీ కుర్చీ, పైన టకటకమంటూ గడియారం. భయపడలేదని అబద్ధమాడను. భయం వెయ్యడం వేరు, దానికి మొక్కడం వేరు.

పదకొండుంబావుకు ఫోను. ఆడపిల్ల, ఇప్పుడే పుట్టింది, ఇద్దరూ బాగున్నారు. వెంటనే వదిన ఫోను: "సరిగ్గ ఎన్నింటికి పుట్టింది? జాతకం రాయియ్యాలె." మొదటి ఫోను మోగినప్పుడు గోడ మీద చూసిన టైమే చెప్పాను.

"ఏ గడియారం చూసినవ్?"

"దక్షిణం గోడదే వదినా."

వదిన ఆ టైమును మళ్ళీ ఒకసారి పైకి చదువుకుంది. తరవాత, "టైము మంచిదైతే ఏ గోడదైతేంది తీ" అంది.

బిడ్డ క్షేమంగా పుట్టింది కాబట్టి ఆ గడియారం శుభమని నేను అనను. అంటే నాకూ వదినకూ తేడా ఉండదు. అది టైము చెబుతుంది, అంతే. ఆస్పత్రి నుంచి వచ్చిన నా భార్య చేతులు కడుక్కుని, ఆ కుర్చీని తీసుకెళ్ళి భోజనాల బల్ల దగ్గర పెట్టింది.

పెద్దన్న ఇప్పుడు లేడు. ఆ క్యాంపూ లేదు. ఆ రోజుల్లో ఒక భయం సముద్రం దాటి రావడానికి పదిహేను రోజులు పట్టేది. దాని మీద తేదీ ఉండేది, మనం లెక్క వేసి నిలదీసే వీలుండేది. ఇప్పుడది ఫోనులో క్షణంలో వచ్చి మన హాలు మధ్యలో నిలబడి గోడలు వెతుకుతోంది. వెతకనీ. మేకు గట్టిగానే కొట్టాను.