అంచురాళ్ళు

ఊరి అంచున ముక్కలుగా తోటలు అద్దెకిచ్చే మా సంఘంలో కంచెల ఎత్తు కొలిచేది నేనే. పచ్చిక బెత్తెడు పెరిగితే హెచ్చరిక ఉత్తరం రాసేదీ నేనే. మూడో ఉత్తరంతో తోట చేజారుతుంది. రోస్విత గారికి అప్పటికే రెండు రాశాను.

ఆవిడ డెబ్బై ఆరేళ్ళ మనిషి, ఒకప్పుడు ట్రామ్ నడిపింది. కూరమళ్ళు అద్దంలా ఉంచేది, పచ్చిక మాత్రం కోసేది కాదు. అందులో తాళంచెవి పూలు ఉండేవి, పసుపుపచ్చగా, గుత్తులుగా వేలాడుతూ. వాళ్ళమ్మ గడ్డి కోసిన బీడు నుంచి తెచ్చిన విత్తనమట. ఆ బీడు మీద ఇప్పుడు గిడ్డంగి ఉంది. ఆ పూలు ఇక ఈ పచ్చికలోనే మిగిలాయి.

జూన్‌లో తనిఖీకి ముందురోజు ఆవిడ కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళింది. పాపం, మూడో ఉత్తరం తప్పిద్దామని నేనే మిషన్ తెచ్చి పచ్చికంతా నున్నగా కోసేశాను.

తిరిగొచ్చి గేటు దగ్గరే నిలబడిపోయింది.

"కోసేశావా ఒట్మార్?"

"మీ మంచికేనండీ. వేరు ఉంది కదా, మళ్ళీ వస్తాయి."

"వేరు నాలాగే ముసలిదయ్యా. విత్తనం ఇంకా ముదరనేలేదు. పిల్లమొక్కలు రావద్దూ?"

ఒక్క తిట్టు తిట్టలేదు. తిట్టినా బాగుండేది. మర్నాడు అధ్యక్షుడు ఫోల్క్‌మార్ ఆ పచ్చికను అందరిముందూ మెచ్చుకున్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

మరుసటి వసంతంలో నాలుగంటే నాలుగు గుత్తులు పూశాయి. తనిఖీ దగ్గరపడేసరికి నా తోట అంచురాళ్ళన్నీ పీకి, ఆవిడ పచ్చిక చుట్టూ తాడు కట్టి వరసగా పాతాను.

"ఇదేంటి ఒట్మార్, గడ్డి కొయ్యలేదే?" అన్నాడు ఫోల్క్‌మార్.

"గడ్డి కాదు, పూలమడి. అంచు ఉందిగా."

వంగి అంచు చూశాడు. వంకర లేదు. నిబంధనలో మడికి అంచు ఉండాలనే ఉంది, ఏం మొలవాలో లేదు. సంతకం పెట్టి ముందుకెళ్ళాడు.

జూలైలో రోస్విత గారు ఎండిన కాయలు నా చేతిలో నలిపారు. "నీ పచ్చికలో చల్లుకో. పూయడానికి మూడేళ్ళు పడుతుంది. నేనుంటానో లేదో. కొయ్యకుండా ఆగగలవా?"

"ఆగుతానండీ," అన్నాను.

ఈ ఏడు తనిఖీలో కొయ్యని పచ్చిక ఒక్కటే దొరికింది. దాని చుట్టూ అంచురాళ్ళు కూడా లేవు. ఆ ఉత్తరం నాకు నేనే రాసుకున్నాను.