దుప్పటి కప్పిన బండి

మా ఎదురింటన్న రోజూ పొద్దున్నే తన మోటారుసైకిలును స్టాండు మీదే స్టార్టు చేసి, కాసేపు ఉంచి ఆపేసేవాడు. పాత పంచెతో తుడిచి, దుప్పటి కప్పి, బస్సుకు నడిచి పోయేవాడు. పదిహేనేళ్లయినా దాని మీటరులో కిలోమీటర్లు కొత్త బండికున్నట్టే ఉండేవి. అదే ఏడు కొన్న నా బండి చేనికి తిరిగి తిరిగి డొక్కయిపోయింది. ఆయన బండి మెరుపు చూస్తే నాకు కడుపు మండేది.

అన్న ఆ బండిని అమ్మకానికి పెట్టిన రోజు, కొనడానికి వచ్చినాయన మీటరు చూసి, "వెనక్కి తిప్పినారా ఏమన్నా?" అని అడిగాడు. నాకు లోలోపల భలే సంతోషమయింది.

"తిప్పలేదప్పా. చేనికి పోయొచ్చేదానికని కొన్నా. ఆ ఏడే బోరెండిపోయింది, చేను అమ్మేసినా. ఇంక దీనేసుకుని ఏ చేనికి పోవల్ల?" అన్నాడు అన్న.

తర్వాత మట్టి కొట్టుకున్న నా బండి మీద చెయ్యేశాడు.

"దీన్ని చూసి ఇన్నేండ్లూ నేనెంత కుళ్లుకున్నానో నీకేం తెలుసప్పా?"