బోలు నేల మీద నడక

డెబ్భైల చివర్లో నేను తిరుపతిలో వృక్షశాస్త్రం ఎమ్మెస్సీ చదువుతుండేదాన్ని. పరీక్షకు మొక్కలు సేకరించి, ఎండబెట్టి, అట్టలకు అంటించి ఇవ్వాలి. జిల్లా పడమటి కొసన ఒక పెద్ద చెరువు మధ్య గుట్ట ఉందనీ, వానలకు చెరువు నిండితే అది దీవి అయిపోతుందనీ, అక్కడ అరుదైన మొక్కలున్నాయనీ ఎవరో చెప్పారు. నన్ను ఒంటరిగా పంపడానికి నాయన ఒప్పుకోలేదు. ఆఫీసుకు సెలవు పెట్టి తనూ బయలుదేరాడు. పాకాలలో రైలు దిగి, అక్కణ్ణించి రెండు బస్సులు మారాం.

మమ్మల్ని పుట్టిలో, అంటే గుండ్రటి బుట్టపడవలో, దాటించింది దీవి మీద మేకలు మేపుకునే ఒక అవ్వ. తెల్లదొరల కాలంలో ఆ గుట్టలో బంగారం తవ్వారట. చిన్నపిల్లగా ఆమె అక్కడే రాళ్ల గంపలు మోసిందట. గని మూతపడ్డాక గుంతల్ని ఎవరూ పూడ్చలేదు. వాటి మీద కంప అల్లుకుని, గడ్డి మొలిచి, నేలలాగే కనిపించేవి.

"నా యెనకాలనే రాండి. నేలంతా బోలు," అంది దిగగానే. మేకలకు కొమ్మలు వంచే దోటితో అడుగడుగునా నేలను కొట్టి, చప్పుడు విని, అప్పుడు కాలు మోపేది. ఆమె అడుగులో నేను, నా వెనక నాయన.

సగం గుట్ట ఎక్కేసరికి నాయనకు విసుగొచ్చింది. సాయంత్రం బస్సు తప్పిపోతుందని ఆయన దిగులు. అంతలో పక్కన బండ మీద తెల్లపూల తీగ కనిపించింది.

"పాపా, నువ్వు చెప్పిన తీగ అదే కదా?" అంటూ దారి వదిలాడు.

"సామీ, ఆడికి పోవద్దు!"

"నాలుగడుగులే గదమ్మా."

మూడో అడుగుకు కంప విరిగిన చప్పుడు. నాయన చంకల దాకా దిగబడిపోయాడు. రెండు మోచేతులూ గట్టు మీద ఆన్చి వేలాడుతున్నాడు. కింద రాళ్లు రాలుతున్నాయి. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకునేంత సేపటికి నీళ్లలో పడ్డ చప్పుడు వినిపించింది.

నేను పరుగెత్తబోయాను. అవ్వ నా జడ పట్టి లాగింది.

"ఉరికితే నువ్వూ పోతావు. బోర్లా పండుకో. లాగే సత్తువ నాకు లేదు, నువ్వే పోవల్ల. నీ కాళ్లు నేను పట్టుకుంటా."

ఆమె చేతిలోని దోటి తీసుకుని, దాన్ని ముందుకు తోస్తూ పొట్ట మీద పాకాను. నా గుండెల కింద మట్టి జారుతూ ఉంది.

"పాపా, రావద్దు. ఎనక్కి పో," అన్నాడు నాయన. ఆయన గొంతు అంత సన్నగా ఎన్నడూ వినలేదు.

"కర్ర పట్టుకో నాయనా."

పట్టుకోవాలంటే ఒక చేయి వదలాలి. వదలలేకపోతున్నాడు. మోచేతి కింద మట్టిపెళ్ల ఊడింది. నేను అరిచాను. నాయన మీద అరవడం నా బతుకులో అదే మొదటిసారి. "వదులు! పట్టుకో!"

వదిలాడు. దోటి అందుకున్న ఆయన బరువుకు నా భుజం ఊడిపోతుందనుకున్నాను. వెనక నుంచి అవ్వ, "లాగు, లాగు," అంటూనే ఉంది. ముందు ఆయన ఛాతీ, తరువాత ఒక మోకాలు పైకొచ్చాయి. ముగ్గురం దారి మీదికి పాక్కుంటూ వచ్చి పడ్డాం.

దిగాల్సింది కూడా ఆ నేల మీదనే. అదే నాకు మరింత భయం. ఈసారి నాయన అవ్వకు సరిగ్గా వెనక నడిచాడు. ప్రతి అడుగుకూ, "అమ్మా, ఈడ పెట్టొచ్చునా?" అని అడిగేవాడు. ఆమె విసుక్కోకుండా, "పెట్టు సామీ," అనేది. పుట్టి దగ్గరికి చేరేసరికి పొద్దు వాలింది.

మర్నాడు ఇంటికొచ్చాక ఆయన మోచేతులు చూసి అమ్మ బెదిరిపోయింది. దారిలో జారిపడ్డాడని చెబుదామని నేను నోరు తెరిచాను. నాయనే అడ్డుపడ్డాడు.

"పోవద్దంటే పోయినాను. బిడ్డ లాగింది," అన్నాడు.

 అమ్మ గాయాలు కడగడానికి నీళ్లు కాచింది. తెల్లపూల తీగ లేకుండానే ఆ ఏడు నేను పరీక్ష పాసయ్యాను.